జపాన్‌లో ఇంగ్లీషు టీచరుగా చేరాలనుకునేవారికి: ఎయికైవా ఉద్యోగం, ఒప్పందం, తరగతి గది

జపాన్‌లో ఇంగ్లీషు బోధన అనగానే చాలామందికి జెట్ కార్యక్రమం గుర్తుకు వస్తుంది. 1987లో మొదలైన ఆ పథకం కింద వెళ్లేవారిలో అత్యధికులు ప్రభుత్వ పాఠశాలల్లో జపానీ ఉపాధ్యాయులకు సహాయకులుగా పనిచేస్తారు. ఇక్కడ చెప్పబోయేది ఆ ఉద్యోగం గురించి కాదు, రైల్వే స్టేషన్ల దగ్గరి భవనాల్లో సాయంత్రం వేళ నిండిపోయే ప్రైవేటు సంభాషణ బడుల గురించి. వీటిని అక్కడివారు ఎయికైవా అంటారు, అంటే ఇంగ్లీషు సంభాషణ. ఎయికైవా పేరుకు బడే గాని, దాని నడక దుకాణానిది. విద్యార్థి ముందుగా డబ్బు కట్టి పాఠాలు కొనుక్కుంటాడు, టీచరు ఆ సరుకును అందజేస్తాడు. పనివేళలు, జీతం, తరగతిలో చిరునవ్వుకు ఉన్న విలువ, చివరికి ఒప్పందంలోని చిన్న అక్షరాలు కూడా ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

ముందుగా అర్హత. ఏ విషయంలోనైనా బ్యాచిలర్ డిగ్రీ ఉండటం దాదాపు తప్పనిసరి. ఎయికైవా టీచర్లకు సాధారణంగా ఇచ్చేది సాంకేతిక, మానవీయ శాస్త్రాల నిపుణులకూ అంతర్జాతీయ సేవలకూ కలిపి ఉద్దేశించిన నివాస హోదా. అంతర్జాతీయ సేవల కింద మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు, అయితే అనువాదం, దుబాసీ పని, భాషా బోధన చేసే పట్టభద్రులకు ఆ నిబంధన వర్తించదు. పాఠశాలల్లో బోధించేవారికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ హోదా వేరు. దాని కింద ఒక విదేశీ భాషను బోధించాలంటే ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. ఎయికైవాకు దరఖాస్తు చేసేవారు సైతం తాము ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు ఇంగ్లీషు మీడియంలో చదివారో తెలిపే ధ్రువపత్రాలను పాఠశాల, కళాశాలల నుంచి ముందే తీసుకుని ఉంచుకోవడం మంచిది. నియామకం చేసేవారు మొదట అడిగే రుజువు తరచు అదే అవుతుంది.

ప్రకటనల్లో ‘నేటివ్’ అన్న మాట తరచుగా ఎదురవుతుంది. దాని వెనుక ఉచ్చారణ కన్నా పాస్‌పోర్టు మీద చూపే ఎక్కువ అన్నది నా అభిప్రాయం. అయితే దరఖాస్తులో దాని గురించి వాదనకు దిగితే ఒరిగేదేమీ ఉండదు. అయిదారు నిమిషాల నమూనా పాఠాన్ని రికార్డు చేసి పంపితే వాదన చేయలేని పని అది చేస్తుంది. ఆ పాఠంలో మీరు తక్కువ మాట్లాడాలి, ఎదుటి వ్యక్తి ఎక్కువ మాట్లాడాలి.

ఉద్యోగం ఖాయమయ్యాక పాఠశాలే మీ తరఫున ప్రాంతీయ ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో మీరు ఆ నివాస హోదాకు తగినవారని తెలిపే అర్హతా ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేస్తుంది. అది చేతికి రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పట్టవచ్చు. జారీ అయిన నాటి నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి, రాగానే జపాన్ రాయబార కార్యాలయంలో గాని కాన్సులేట్‌లో గాని వీసా తీసుకోవాలి. ఈ పత్రం రాకముందే ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయకండి. పర్యాటక వీసా మీద వచ్చి పాఠాలు మొదలుపెట్టండి, కాగితాలు తర్వాత చూసుకుందామనే బడి ఎదురైతే అక్కడితో మాట ముగించడం మేలు, ఎందుకంటే అది చట్టవిరుద్ధం. నరీతా, హనెదా వంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే జైర్యూ కార్డు అనే నివాస గుర్తింపు కార్డు ఇస్తారు. నివాసం కుదిరిన 14 రోజుల్లోగా ఆ కార్డుతో స్థానిక మునిసిపల్ కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి.

అసలు జాగ్రత్త ఒప్పందం దగ్గర కావాలి. అన్నింటికన్నా ముందు అది ఉద్యోగ ఒప్పందమా, గ్యోము ఇతకు అనే కాంట్రాక్టు పనా అన్నది తేల్చుకోండి. రెండో రకంలో చట్టం దృష్టిలో మీరు ఉద్యోగి కారు. వేతనంతో కూడిన సెలవు, నిరుద్యోగ బీమా, సంస్థ తరఫున ఆరోగ్య బీమా, పింఛను వాటా, ఇవేవీ ఉండవు. విద్యార్థి పాఠం రద్దు చేసుకుంటే ఆ గంట డబ్బు పోయే వీలూ ఉంటుంది. పాఠానికి ఇంత అని చెప్పిన మొత్తం పైకి ఆకర్షణీయంగా కనిపించినా, పాఠాల మధ్య ఖాళీ సమయాన్ని కలిపి లెక్కకడితేనే అసలు రేటు తెలుస్తుంది.

ఉద్యోగ ఒప్పందమైతే గంటలు చూడండి. నెలకు 250,000 యెన్లన్నది ఈ రంగంలో ఏళ్ల తరబడి వినిపిస్తున్న అంకె. వారానికి 29.5 గంటలు అన్న వింత అంకె కూడా చాలా ఒప్పందాల్లో ఉండేది. పూర్తికాల ఉద్యోగి గంటల్లో నాలుగింట మూడొంతులు పనిచేసేవారిని షకాయ్ హోకెన్ అనే సామాజిక బీమాలో చేర్చాలన్నది నియమం. నలభైలో ఆ వాటా ముప్పై, కాబట్టి అరగంట తగ్గించి రాసేవారు. చట్టం ఇప్పుడు ఆ సందును చాలావరకు మూసింది. 2024 అక్టోబరు నుంచి 51 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి 20 గంటలు చేసినా, వేతనం వంటి కొన్ని షరతులు కుదిరితే, బీమాలో చేరాల్సిందే. ఆరు నెలలు పనిచేసి, పనిదినాల్లో 80 శాతం హాజరైనవారికి పూర్తికాల ఉద్యోగంలో 10 రోజుల వేతన సెలవు చట్టబద్ధంగా వస్తుంది. మధ్యలో మానేస్తే ఇంత జరిమానా అని ముందే రాసుకోవడాన్ని కార్మిక ప్రమాణాల చట్టంలోని 16వ అధికరణ నిషేధిస్తోంది. అలాంటి వాక్యం కనిపిస్తే భయపడకండి, అయితే ఆ యజమాని తీరును మాత్రం గుర్తుపెట్టుకోండి.

బడి ఇచ్చే ఇంటి విషయంలోనూ ఆలోచించాలి. దేశంలోనే అతిపెద్ద ఎయికైవా సంస్థగా వెలిగిన నోవా, ఫీజు వాపసు వివాదంలో 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఓడింది. జూన్‌లో ప్రభుత్వం దాని వ్యాపారంలో కొంత భాగాన్ని ఆరు నెలలు నిలిపివేసింది. అక్టోబరులో సంస్థ కుప్పకూలింది. వేలాది విదేశీ టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. సంస్థ జీతంలోంచి అద్దె కోసుకుని ఇంటి యజమానులకు కట్టకపోవడంతో ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసులు అందుకున్నవారూ ఉన్నారు. 2010లో జియోస్ అనే మరో ఎయికైవా సంస్థ కూడా దివాలా తీసింది. సొంతంగా ఇల్లు తీసుకుంటే షికికిన్ అనే డిపాజిట్టు, రెయ్‌కిన్ అనే తిరిగిరాని మొత్తం, హామీ సంస్థ రుసుము కలిసి తొలి నెలలోనే కొన్ని నెలల అద్దెకు సమానమవుతాయి. అందుకే మొదటి ఏడాది బడి ఇంట్లోనో, షేర్ హౌస్‌లోనో ఉంటూ, అత్యవసరానికి రెండు నెలల ఖర్చును బ్యాంకులో కదపకుండా ఉంచడం నేనిచ్చే సలహా. మొదటి జీతం చేతికి రావడానికి నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

పని సాధారణంగా మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది. శని, ఆదివారాలే రద్దీ రోజులు, సెలవు వారం మధ్యలో వస్తుంది. మధ్యాహ్నం గృహిణులు, పదవీ విరమణ చేసినవారు, సాయంత్రం పిల్లలు, రాత్రి ఆఫీసు ఉద్యోగులు వస్తారు. 2020లో ప్రాథమిక పాఠశాలల అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు పూర్తిస్థాయి సబ్జెక్టు అయింది, దాంతో చిన్నపిల్లల తరగతులు తప్పించుకోవడం కష్టం. ఆఫీసు ఉద్యోగులు చాలామంది 990 మార్కుల టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షను దృష్టిలో పెట్టుకునే వస్తారు. మార్కులు బాగానే ఉన్నా నోరు పెగలకపోవడం వారి సమస్య.

తరగతిలో మొదట ఎదురయ్యేది మౌనం. ప్రశ్న అడిగాక విద్యార్థి తల వంచుకుంటే తెలియలేదనుకోకండి, తప్పులేని వాక్యాన్ని మనసులో పేర్చుకుంటున్నాడు. మనసులో పది అంకెలు లెక్కపెట్టేవరకు ఆగండి. కొత్త టీచర్లు ఆ పది క్షణాలను భరించలేక తామే జవాబు చెప్పేస్తారు, నలభై నిమిషాల పాఠంలో ముప్పై నిమిషాలు వారే మాట్లాడతారు. ఉచ్చారణలో చిక్కు, జపానీలో విదేశీ మాటలు రాసే కతకన అక్షరాల నుంచి వస్తుంది. ఆ లిపిలో దాదాపు ప్రతి హల్లుకూ అచ్చు అంటుకుని ఉంటుంది, అందుకే మెక్‌డొనాల్డ్స్ కాస్తా ‘మకుదొనరుదొ’ అవుతుంది. బస్సు, కారు, రోడ్డు అని పలికే మనకు ఈ అలవాటు కొత్తదేమీ కాదు కాబట్టి, దాన్ని నవ్వకుండా దిద్దగలిగే అవకాశం తెలుగు టీచరుకు మరింత ఉంది. ర, ల తేడా మాత్రం వినికిడితో మొదలుపెట్టాలి. చెవికి తెలియనిది నాలుకకు రాదు. మాట్లాడుతుండగా అడ్డుపడకుండా తప్పులను కాగితం మీద రాసుకుని, చివరి అయిదు నిమిషాల్లో రెండో మూడో మాత్రమే చెప్పండి.

కొత్తవారికి ఇచ్చే నమూనా పాఠం కూడా మీ పనిలో భాగమే. అది ముగియగానే జపానీ సిబ్బంది వారితో ఫీజు మాట్లాడతారు. రెండు నెలలు, 50,000 యెన్లు దాటిన భాషా కోర్సును ఒప్పందపత్రం అందిన ఎనిమిది రోజుల్లోగా షరతులు లేకుండా రద్దు చేసుకునే హక్కు విద్యార్థికి ఉంది. కాబట్టి అమ్మకం బరువును మీ నెత్తిన పెట్టుకుని, ఆర్నెల్లలో అనర్గళంగా మాట్లాడిస్తానని మాట ఇవ్వకండి.

రెండో ఏడాది జూన్ నుంచి, గత ఏడాది ఆదాయం మీద జూమిన్‌జెయ్ అనే నివాస పన్ను మొదలవుతుంది. జీతం తగ్గిందని కంగారుపడేవారు ఆ నెలలో చాలామంది ఉంటారు. ఉద్యోగం మారితే 14 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ హోదాకు తగిన పని చేయకపోతే హోదా రద్దయ్యే ప్రమాదముంది. దేశం విడిచి వచ్చేశాక, కనీసం ఆరు నెలలు పింఛను కట్టినవారు రెండేళ్లలోగా ఏకమొత్తం వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే రెండు దేశాల్లో పింఛను కట్టిన కాలాన్ని కలిపి లెక్కించే సామాజిక భద్రతా ఒప్పందం భారత్, జపాన్‌ల మధ్య 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. వాపసు తీసుకున్న కాలాన్ని ఆ ఒప్పందం కింద మళ్లీ లెక్కలోకి తీసుకోరు కాబట్టి, వాపసు దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు రెండు దారులనూ లెక్కవేసి చూసుకోవాలి.