పాత పికప్‌కు దొంగల భయమా? ముందు అరిగినవి చూడండి

పాత పికప్ ఉన్నవాళ్లకు దొంగల భయం పట్టుకోగానే చేసే మొదటి పని, స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే ఇనప రాడ్ కొనడం. తప్పేం లేదు, కొనండి. కానీ నలభై, యాభై ఏళ్ల బండిలో తాళాలు, గడియలు, వైర్లు అన్నీ అరిగి వదులై ఉంటాయి. దొంగకు దారి ఇచ్చేది అవే. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగం రిపేరు పనులే. మీ బండిలో ఏ లక్షణం కనిపిస్తోందో చూసుకుని అక్కడ మొదలుపెట్టండి.

ఇంజిన్ నడుస్తుండగానే తాళం చెవి ఊడి చేతికొస్తోంది

దీన్ని నవ్వుతూ చెప్పుకునేవాళ్లే ఎక్కువ. నేనూ కొన్నాళ్లు బండి ఆపకుండానే చెవి తీసి స్నేహితులకు గొప్పగా చూపించినవాణ్నే. ఓ రోజు ఇంటి బీరువా తాళం చెవి పెట్టి తిప్పితే బండి స్టార్టయింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఇగ్నిషన్ తాళం లోపల సన్నటి ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి. చెవి పళ్లు ఒక్కో రేకునూ సరైన ఎత్తుకు జరిపితేనే తాళం సిలిండర్ తిరుగుతుంది. ఏళ్ల తరబడి రుద్దుకుని రేకులూ, పళ్లూ రెండూ గుండ్రంగా అరిగిపోతాయి. ఇక ఆ తాళానికి సొంత చెవి, పరాయి చెవి తేడా తెలియదు. వేరే బండి చెవి ఒకటి పెట్టి, బలం వాడకుండా తిప్పి చూడండి. తిరిగితే సిలిండర్ మార్చాల్సిందే. అరిగిన చెవికి డూప్లికేట్ చేయిస్తే లాభం లేదు, అరుగుదల కూడా అచ్చంగా కాపీ అవుతుంది.

ఇంకో సంగతి. చాలా పాత మోడళ్లలో స్టీరింగ్ లాక్, అంటే చెవి తీయగానే స్టీరింగ్‌ను తిరగకుండా పట్టేసే ఏర్పాటు, అసలు లేదు. తాళం స్టీరింగ్‌కు దూరంగా ఉండేది కదా. షెవ్రొలే పికప్‌లలో 1972 మోడల్ దాకా ఇగ్నిషన్ తాళం డాష్‌బోర్డులోనే ఉండేది. 1973 నుంచి స్టీరింగ్ కాలమ్ (వీల్ కింది గొట్టం) మీదికి వచ్చింది. మీది ముందు కాలందైతే, మొదట్లో చెప్పిన ఆ ఇనప రాడ్ నిజంగా పనికొచ్చేది మీకే. అయితే పాత స్టీరింగ్ వీల్ రిమ్ సన్నగా ఉంటుంది కాబట్టి కోసేయడం కష్టం కాదు. వీల్‌నూ క్లచ్ పెడల్‌నూ కలిపి బిగించే రకం దానికన్నా మేలు.

కిల్ స్విచ్ వేశాం, అయినా సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగిపోతోంది

తాళం ఎంత కొత్తదైనా దాని వెనక ఉన్నవి మామూలు వైర్లే. కొత్త బండ్లలో చెవిలోని చిప్‌ను కంప్యూటర్ గుర్తుపడితే తప్ప ఇంజిన్ అంటుకోదు. పాత బండికి అలాంటి కాపలా లేదు కనుక కిల్ స్విచ్, అంటే ఇంజిన్‌కు కరెంటు తెంచే రహస్య స్విచ్ ఒకటి మనమే పెట్టుకోవాలి. పెట్టేశాం అనుకున్నాక కనిపించే లక్షణమే పైన రాసింది.

కారణం ఇది. పాయింట్లతో (కరెంటును కలుపుతూ తెంచుతూ స్పార్క్ తెప్పించే పాత తరహా కాంటాక్టులతో) నడిచే చాలా ఇంజిన్లలో, స్పార్క్ పుట్టించే కాయిల్‌కు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. బండి నడిచేటప్పుడు రెసిస్టర్ గుండా, వోల్టేజీ తగ్గి వస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎలాగూ డీలా పడుతుంది కాబట్టి, స్టార్టర్ సొలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) నుంచి ఇంకో వైరు ఆ రెసిస్టర్‌ను దాటేసి కాయిల్‌కు నేరుగా కరెంటు ఇస్తుంది. మీ ఎలక్ట్రీషియన్ స్విచ్‌ను మొదటి దారిలోనే పెట్టాడు. రెండోది తెరిచే ఉంది. అందుకే సెల్ఫ్ తిరిగినంతసేపూ అంటుకుంటుంది, వదలగానే చస్తుంది. ఓపికున్న దొంగకు ఆ ఒక్క క్షణం చాలు, లోపం ఎక్కడుందో పసిగట్టేస్తాడు.

పరిష్కారం చిన్నదే. ఆ రెండు వైర్లూ కాయిల్ పాజిటివ్ దగ్గర కలుస్తాయి. స్విచ్ ఆ కలిసిన చోటికీ కాయిల్‌కూ మధ్య ఉండాలి. కాయిల్ లాగేది నాలుగైదు ఆంపియర్లే అయినా 10 ఆంపియర్లకు తగ్గని స్విచ్ వాడండి. నాసిరకం స్విచ్ చెడిపోతే నడిరోడ్డు మీద నిలబడేది దొంగ కాదు, మీరు. కాయిల్ నెగెటివ్‌ను బాడీకి ఎర్త్ చేసే పద్ధతి కూడా ఉంది. స్పార్క్ ఆగుతుంది నిజమే, కానీ ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్ కాలుతూ కూర్చుంటుంది. నేను వద్దంటాను.

ఎక్కడ దాచాలి? డాష్‌బోర్డు కింద మాత్రం వద్దు, దొంగ చెయ్యి ముందు వెళ్లేది అక్కడికే. నాకు నచ్చిన పద్ధతి, బండిలో ఇప్పటికే ఉండి పని చేయని స్విచ్‌ను వాడుకోవడం. ఎప్పుడో పీకేసిన ఫాగ్ లైట్ల స్విచ్ అలా మిగిలిపోయి ఉంటుంది. అది కళ్లెదురుగానే ఉన్నా ఎవరూ అనుమానించరు. వైరు కూడా చుట్టుపక్కల వైర్ల రంగుదే, అంతే మురికిగా ఉన్నదే వేయించండి. పాత గోధుమరంగు వైర్ల మధ్య తళతళలాడే ఎర్ర వైరు కనిపిస్తే అదే దారి చూపిస్తుంది.

సెల్ఫ్ వైరును మాత్రమే తెంచే స్విచ్ పెట్టి ఊరుకోకండి. మాన్యువల్ గేర్ బండిని ఇద్దరు తోస్తే సెల్ఫ్‌తో పనే లేదు. ఇంధనం ఆపే వాల్వ్‌దీ ఓ చిక్కుంది. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి కొంతదూరం పోయి, ఏ ట్రాఫిక్ మధ్యలోనో ఆగుతుంది. డీజిల్ బండి సంగతి వేరు. దానికి స్పార్కే లేదు కాబట్టి ఇంధనం ఆపడమే మామూలు మార్గం.

బండి నెలల తరబడి నిలబడే ఉంటుంది

చాలా బండ్లలో డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులు తీస్తే వచ్చేస్తుంది. లోపలి రోటర్‌ను పైకి లాగి జేబులో వేసుకోండి. అర నిమిషం పని, ఖర్చు సున్నా. కాయిల్ నుంచి వచ్చిన స్పార్క్‌ను ఇంజిన్ సిలిండర్లకు పంచేది అదే కాబట్టి, అది లేకుండా ఏ వైరు కలిపినా ఇంజిన్ అంటుకోదు. 1940లో శత్రువు దిగితే బండ్లు చిక్కకూడదని బ్రిటన్‌లో వదిలి వెళ్లే ప్రతి వాహనాన్నీ కదలకుండా చేయాలని ఆదేశించినప్పుడు, జనం చేసిన పనుల్లో ఇదొకటి.

బానెట్ బయటి నుంచే తెరుచుకుంటోంది

పాత పికప్‌లు చాలావరకు ఇలాగే తయారయ్యాయి, ఇది లోపం కాదు. కానీ బానెట్ ఎత్తి కాయిల్‌కు నేరుగా వైరు కలపగలిగినవాడి ముందు పైన చెప్పిన కిల్ స్విచ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కేబిన్ లోపలి నుంచి లాగే కేబుల్ అమర్చండి, లేదా తాళం ఉన్న బానెట్ పిన్నులు వేయించండి. కేబుల్ తెగితే మీరే తెరవలేరు కాబట్టి, ఎవరికీ కనిపించని చోట రెండో తీగ ఒకటి వదిలిపెట్టండి.

తలుపు ముందు మూల ఉండే చిన్న అద్దం వేలితో తోస్తే కదులుతోంది

ఆ ముక్కోణపు అద్దమే లోపలికి దొడ్డిదారి. చుట్టూ రబ్బరు ఎండి గట్టిపడుతుంది, గడియ రివెట్టు వదులవుతుంది, కింద ఇరుసు దగ్గరి స్ప్రింగు పట్టు తప్పుతుంది. మూడూ ఒకేసారి చూడండి. రబ్బరు మార్చి గడియను అలాగే వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. తలుపు మీది తాళం బుడిపె పుట్టగొడుగులా ఉంటే తీసేసి, పైకి సన్నబడే నున్నటిది పెట్టండి. తీగతో లాగడానికి పట్టు దొరకదు. వెనక జరిగే అద్దం ఉంటే దాని గాడిలో సరిపడా కోసిన చెక్కముక్క వేస్తే చాలు.

అలారం ఊరికే మోగుతోంది

రెండు మూడు రాత్రులు అలా మోగితే చుట్టుపక్కలవాళ్లు పట్టించుకోవడం మానేస్తారు, మీరే విసిగి ఆఫ్ చేస్తారు. తప్పు సాధారణంగా అలారానిది కాదు. తలుపు చట్రంలో లైటు వెలిగించే చిన్న స్విచ్ తుప్పు పట్టి, గాలికి తలుపు వణికినా తలుపు తెరిచినట్టు చూపిస్తుంది. ముందు అది మార్చి, ఎర్త్ తగిలే చోట ఇసుక కాగితంతో రుద్ది, ఆ తర్వాతే సెన్సర్ జోలికి వెళ్లండి.

ట్రాకర్ పెట్టాక బ్యాటరీ దిగిపోతోంది

లెక్క వేసి చూడండి. ట్రాకర్ 20 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్, నెలకు 14 దాటుతుంది. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పావువంతు అన్నమాట. ఎప్పుడో గానీ తీయని బండికి ఇది ఎక్కువే. స్లీప్ మోడ్, సొంత బ్యాటరీ రెండూ ఉన్న ట్రాకర్ తీసుకోండి. మందపాటి స్టీలు కింద దాచితే సిగ్నల్ అందదు. ఫోర్డ్ పికప్ 1955 లేదా అంతకు ముందు మోడలైతే అది 6 వోల్టులది, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉంటుంది. 12 వోల్టుల ట్రాకర్‌ను నేరుగా కలపకండి.

బ్లూటూత్ ట్యాగ్ ఒక్కటి పడేసి ధీమాగా ఉండేవాళ్లకు ఓ మాట. తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోనుకే హెచ్చరిక వెళ్లే అవకాశం ఉంది.

బండి ఉంది, వెనక గేటు లేదు

చాలా పికప్‌లలో గేటును ఒక కోణానికి వాల్చి పైకి లాగితే పనిముట్టు లేకుండానే ఊడొస్తుంది. సామాను ఎక్కించే వీలు కోసం చేసిన ఏర్పాటు అది. ఊడే వైపు ఇరుసు చుట్టూ గట్టి హోస్ క్లాంపు (రబ్బరు పైపుల మీద స్క్రూతో బిగించే పట్టీ) బిగించి, స్క్రూ తల మీది గాడిని ఆకురాయితో అరగదీయండి.

క్రేన్ తెచ్చి లాక్కెళ్తారన్న టెన్షన్

వెనక చక్రాలతో నడిచే బండిని వెనక వైపు నుంచి ఎత్తితే ముందు చక్రాలు హాయిగా దొర్లుతాయి. కాబట్టి వెనక భాగం గోడకు ఆనేలా, గేరులో పెట్టి, ముందు చక్రాలను పూర్తిగా పక్కకు తిప్పి నిలపండి. చక్రానికి లాక్ బిగిస్తే ఇంకా మంచిది.

పోయిన బండి దొరికింది, మీదేనని చూపించలేకపోతున్నారు

17 అక్షరాల గుర్తింపు సంఖ్య అమెరికాలో 1981 మోడళ్ల నుంచే తప్పనిసరైంది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. తలుపు దగ్గరి పలక రివెట్లతో ఉంటుంది, మార్చేయడం తేలిక. ఛాసిస్ ఇనుములో కొట్టిన నంబరు వెతికి, మట్టి తుడిచి, దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆ అచ్చు కాగితాన్నీ, వెల్డింగు అతుకులు, సొట్టలు కనిపించే ఫొటోలనూ ఇంట్లో దాచండి, బండి డాష్ పెట్టెలో కాదు.