టర్న్‌టేబుల్ స్క్రాచింగ్ నేర్చుకుందాం – 3: సూది మాట కంప్యూటర్‌కి వినిపించడం

పోయిన పాఠంలో స్లిప్‌మ్యాట్ వేసి, టోన్ ఆర్మ్ బరువు సరిచేశాం. ఈసారి టైమ్‌కోడ్ రికార్డును, అంటే మన చేతి కదలికను కంప్యూటర్‌కి చెప్పే రికార్డును, పాటలు ఆడించే సాఫ్ట్‌వేర్‌కి కలుపుదాం. నేను వాడేది ‘మిక్స్’. ఇంగ్లీషులో దీని పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి. ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. రికార్డు సెరాటో కంపెనీవారి సీవీ02. మొదట్లో ఒక్క టర్న్‌టేబుల్ చాలు.

ఆ రికార్డులో పాట ఉండదు. వినిపించేది 1000 హెర్ట్జ్ కూత ఒకటే. రికార్డును సగం వేగంతో తిప్పితే అది 500 హెర్ట్జ్‌కి దిగుతుంది, దాన్నిబట్టి సాఫ్ట్‌వేర్‌కి వేగం తెలుస్తుంది. మరి ముందుకా, వెనక్కా? అదే కూత ఎడమ, కుడి చానళ్లలో పావు అల తేడాతో ఉంటుంది. ఏది ముందు వస్తోందో చూస్తే దిశ తెలిసిపోతుంది. ఈ ఉపాయం తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇక వైర్లు. సూది నుంచి వచ్చే సిగ్నల్ కొద్ది మిల్లీవోల్టులే. అందుకే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (సిగ్నల్‌ని కంప్యూటర్‌కి చేర్చే పెట్టెలో) దాన్ని పెంచే ఫోనో ఇన్‌పుట్ కావాలి, లేదంటే మధ్యలో ఆ పనిచేసే ఫోనో ప్రీయాంప్ పెట్టాలి. కొన్ని టర్న్‌టేబుళ్ల వెనక ఫోనో/లైన్ స్విచ్ ఉంటుంది. అది లైన్‌లో ఉండగా ఫోనో ఇన్‌పుట్‌కి కలిపితే సిగ్నల్ రెండుసార్లు పెరిగి చిట్లిపోతుంది. విడిగా సన్నని ఎర్త్ వైరు ఉంటే దాన్ని తప్పకుండా బిగించండి.

మిక్స్ సెట్టింగుల్లో సౌండ్ హార్డ్‌వేర్ తెరిచి, ఇన్‌పుట్ ట్యాబ్‌లో వినైల్ కంట్రోల్ 1కి మీ ఇంటర్‌ఫేస్ ఇవ్వండి. తర్వాత వినైల్ కంట్రోల్ పేజీలో సీవీ02ని ఎంచుకోండి, ఏ వైపు రికార్డు పెట్టారో అదే వైపు. మోడ్ రిలేటివ్‌లో ఉంచండి. అప్పుడు సూది గంతేసినా పాట వేరే చోటికి దూకదు.

అదే పేజీలో సిగ్నల్ బొమ్మ కనిపిస్తుంది. ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైనది ఇదే, ఇక్కడ తొందరపడకండి. రికార్డు తిరుగుతుంటే ఆ బొమ్మ గుండ్రంగా, ఆకుపచ్చగా ఉండాలి. గీతలా కనబడితే ఒక చానల్ రావట్లేదు: కార్ట్రిడ్జ్ (సూది బిగించే భాగం) పిన్నులు, వైరు చివరలు చూడండి. కోడిగుడ్డులా ఉంటే రెండు చానళ్లూ సమానంగా లేవు. అంచులు నూగుగా వణుకుతుంటే ఎర్త్ సరిగా లేదు, లేదా సూదికి దుమ్ము పట్టింది.

గుండ్రంగా ఉండి కూడా తప్పు జరగొచ్చు. మొదటిసారి నా పాట వెనక్కి నడిచింది. సాయంత్రమంతా సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి, రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి చూస్తే ఎరుపు, తెలుపు ప్లగ్గులు తారుమారయ్యాయి. ఎడమ కుడి అయితే దిశ కూడా తిరగబడుతుంది మరి!

1970ల్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, స్క్రాచింగ్‌కి ఆద్యుడని చెప్పుకునే డీజే గ్రాండ్ విజార్డ్ థియోడోర్ రికార్డును చేత్తో ముందుకూ వెనక్కీ ఆడించినప్పుడు, చేయి కదలడం, శబ్దం రావడం ఒకే క్షణంలో జరిగాయి. మనకు మధ్యలో కంప్యూటర్ ఉంది, కాబట్టి కాస్త ఆలస్యం తప్పదు. అది ఎంతన్నది ఆడియో బఫర్‌ని బట్టి ఉంటుంది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసే శబ్దాన్ని బట్టి. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు తునకల) చొప్పున 1024 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 23 మిల్లీసెకన్లు. అంత ఆలస్యమైతే చేతికి శబ్దం జారిపోతున్నట్టు ఉంటుంది. 256 పెడితే 6 మిల్లీసెకన్ల లోపే. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన, ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ వాడండి. బఫర్‌ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ వెళ్లండి. టపటపమని చిటపటలు వినిపించినా, సెట్టింగుల్లో అండర్‌ఫ్లో (శబ్దం సమయానికి అందకపోవడం) లెక్క పెరుగుతున్నా ఒక మెట్టు వెనక్కి రండి. అంకె చిన్నదిగా ఉండాలని పంతం పడితే శబ్దం తెగుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. డెక్ 1లో గొంతు స్పష్టంగా ఉన్న పాట వేసి, వినైల్ కంట్రోల్ బటన్ నొక్కండి. మోటారు ఆపేసి, రికార్డును వేలితో వీలైనంత నెమ్మదిగా తోయండి. వేగం తగ్గేకొద్దీ సూది ఇచ్చే సిగ్నల్ కూడా బలహీనపడుతుంది. స్క్రాచ్‌లో చేయి దిశ మార్చుకునే ప్రతిసారీ రికార్డు ఇంత నెమ్మదికి వస్తుంది కాబట్టి, లోపముంటే ఇక్కడే బయటపడుతుంది. గొంతు సాగుతూ వస్తే సెట్టింగ్ కుదిరినట్టే. తెగితెగి వస్తే మళ్లీ ఆ గుండ్రటి బొమ్మ దగ్గరికి వెళ్లండి.

ఇది కుదిరాకే నాలుగో పాఠం తెరవండి. అందులో అన్నిటికన్నా తేలికైన బేబీ స్క్రాచ్, ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) ముట్టకుండా.