ఓక్లహోమాలో మే నెల: పొద్దున్నే ఏం చూసుకోవాలి

మాది అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న నార్మన్ ఊరు. ఏటా ఏప్రిల్ చివర్లో అమ్మానాన్న బాపట్ల నుంచి వస్తారు. ఇక్కడ టోర్నడోలు (సుడిగాలులు) ఎక్కువగా వచ్చేది మేలోనే కాబట్టి, వాళ్లలా కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను.

లేవగానే ఫోన్‌లో డ్యూ పాయింట్ చూడండి. గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె అది. 60 ఫారెన్‌హీట్ దాటి, దక్షిణం గాలి ఈడ్చి కొడుతుంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమ వచ్చేసినట్టే. నిరుడు 68 ఉన్నరోజు నాన్న వరండాలో నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "అచ్చం మన ఊరి ఉక్కపోతే" అన్నారు. ఆ ఉక్కపోతే ఇక్కడి గాలివానకు బలం. పడమటి నుంచి వచ్చే పొడిగాలి దాన్ని తాకేచోట సాయంత్రానికి మబ్బులు కోటల్లా లేస్తాయి.

తర్వాత స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ (గాలివానల ముప్పును అంచనా వేసే ప్రభుత్వ సంస్థ) మ్యాప్ చూడండి. అందులో ముప్పుకి ఐదు స్థాయిలుంటాయి. మూడోది, నారింజ రంగు, మన మీదుంటే ఆ సాయంత్రం నేను బయట పనులు పెట్టుకోను. రెండోదాన్నీ తేలిగ్గా తీసుకోకండి.

ఇక ఫోన్‌లో, టీవీలో వచ్చే హెచ్చరికలు. టోర్నడో వాచ్ అంటే సిద్ధంగా ఉండమని. వార్నింగ్ అంటే వెంటనే లోపలికి వెళ్లమని. మాకు దాక్కోవడానికి నేల కింద సెల్లార్ లేదు. కిటికీల్లేని లోపలి క్లోజెట్‌లో బూట్లు, పిల్లల సైకిల్ హెల్మెట్లు, నాన్న బీపీ మాత్రలు ముందే పెట్టేస్తాను.

ఊళ్లో మోగే టోర్నడో సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం. నిద్రలో వినపడకపోవచ్చు, ఫోన్ అలర్టులు ఆపకండి. శనివారం మధ్యాహ్నం 12కి మోగేది పరీక్ష. ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఊరికే టెన్షన్ పడతారు.