నూనె దాణా పెట్టాక పాలలో ఫ్యాట్ పడిపోతోందా?

సమస్య: ముర్రా గేదె పాలు తగ్గలేదు, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీరు కాక మిగిలే ఘనపదార్థాలు) కూడా మారలేదు. ఫ్యాట్ మాత్రం వారం పది రోజుల్లో 7 శాతం నుంచి 5.5 శాతానికి దిగింది. ఈ మధ్యే దాణాలో నూనె తీయని తవుడు పెంచారు, లేదా వెన్న పెరుగుతుందని నూనె కలుపుతున్నారు.

ముందు శాంపిల్ చూసుకోండి. వెన్న ఎక్కువగా ఉండేది చివరి పాలలోనే. వాటిని దూడకు వదిలేసినా, బకెట్‌లో పాలు బాగా కలపకుండా శాంపిల్ తీసినా ఫ్యాట్ తక్కువే చూపిస్తుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడిపోతే పాలలో నీళ్లు కలిశాయేమో చూడాలి.

కారణం: తిన్న నూనె నేరుగా పాలలోకి రాదు. తవుడు, సోయా నూనెల్లోని లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. అందుకే అవి దానికి హైడ్రోజన్ చేర్చి సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. నూనె ఎక్కువై, గడ్డి తగ్గి, పొట్టలో పులుపు పెరిగితే ఈ మార్పు దారి తప్పుతుంది. అప్పుడు ట్రాన్స్-10, సిస్-12 సీఎల్‌ఏ అనే కొవ్వు ఆమ్లం పుడుతుంది. రోజుకు కొద్ది గ్రాములు పేగుల్లోకి చేరినా చాలు, పొదుగులో కొవ్వు తయారీ మందగిస్తుంది. పైగా పాల కొవ్వులో దాదాపు సగాన్ని పొదుగు ముఖ్యంగా అసిటేట్ నుంచి తయారుచేసుకుంటుంది. ఆ అసిటేట్ గడ్డిలోని పీచు పులిస్తే వచ్చేది. అతి నూనె పీచును అరిగించే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. పేడ పలచబడి అందులో అరగని గడ్డి కనిపిస్తే, నెమరు తగ్గితే అనుమానం బలపడినట్టే.

లెక్క: గేదె రోజుకు 13 కిలోల పొడి పదార్థం (మేతలో నీరు తీసేస్తే మిగిలేది) తింటుందనుకుందాం. నూనె తీయని తవుడు 4 కిలోలు పెడితే, 15 శాతం చొప్పున 600 గ్రాముల నూనె దాని నుంచే వస్తుంది. మిగతా మేత, నూనెగింజల చెక్క నుంచి ఇంకో 250 గ్రాములు. అంటే పొడి పదార్థంలో మొత్తం కొవ్వు 6.5 శాతం. 5 దాటనివ్వకపోవడం మంచిది.

పరిష్కారం: విడిగా పోసే నూనె ఆపేయండి. తవుడు 2 కిలోలకు తగ్గించి, మిగతా 2 కిలోల బదులు నూనె తీసిన తవుడు పెట్టండి. మొత్తం కొవ్వు 4 శాతం దగ్గరకు వస్తుంది. వరిగడ్డి, చొప్ప పొడిలా కాకుండా అంగుళానికి తగ్గని ముక్కలుగా కోయాలి. దాణాను ఒకేసారి కాక మూడు పూటలుగా పంచి, రోజుకు 75 నుంచి 100 గ్రాముల వంటసోడా అందులో కలపండి. ముక్క వాసన వచ్చే తవుడు అసలు వద్దు. మరపట్టిన గంటల్లోనే అందులోని నూనె విడిపోవడం మొదలవుతుంది, అలా విడిపోయిన కొవ్వు ఆమ్లాలు పొట్టకు ఇంకా చేటు.

ఫ్యాట్ మామూలు స్థాయికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగో రోజుకే మార్పు లేదని దాణా మళ్లీ మార్చేస్తే పొట్టలోని సూక్ష్మజీవులు కుదుటపడవు.

ఈనిన కొత్తలో గేదె బక్కచిక్కి నిజంగానే శక్తి కావాల్సి వస్తే, కాల్షియంతో కట్టిన బైపాస్ ఫ్యాట్ రోజుకు 100 నుంచి 150 గ్రాములు పెట్టవచ్చు. అది పెద్దపొట్టలో చాలావరకు కరగదు. కానీ పొట్ట బాగా పులిసి ఉంటే ఆ కట్టు కూడా విడిపోతుంది, కాబట్టి ముందు గడ్డి సరిచేసి, తర్వాతే అది మొదలుపెట్టండి.