నాన్న నీచు మానేశాక వంటింట్లో ఏం మార్చానంటే

రెండేళ్ళ కిందట చందనోత్సవానికి సింహాచలం వెళ్ళొచ్చిన నాన్న, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఇంక నీచు ముట్టనమ్మా" అన్నాడు. ఆదివారం తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి వంజరం తెచ్చే మనిషి! నెల తిరక్కుండా మళ్ళీ మొదలెడతాడని తమ్ముడు పందెం కాశాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా అంటే ముందు గుడ్డు సంగతి అడగండి. నేను అడక్కుండా అట్టు వేసి పెట్టాను. ఆయన పెరుగన్నం తిని లేచిపోయాడు.

తర్వాతి పొరపాటు మీల్‌మేకర్. నానబెట్టి అలాగే కూరలో వేస్తే పచ్చివాసన కొట్టింది. ఉప్పేసిన మరిగే నీళ్ళలో పది నిమిషాలుంచి, చన్నీళ్ళలో కడిగి, రెండుసార్లు గట్టిగా పిండాలి. ఆపైన నూనెలో ఎర్రగా వేయించి కూరలో కలపాలి. అయినా "ఇది మాంసంలాగే ఉంటుంది నాన్నా" అని మాత్రం అనకండి. ఆ మాట అంటే చాలు, పోల్చి చూసి పక్కన పెట్టేస్తారు.

అసలు కిటుకు మునక్కాడ దగ్గర తెలిసింది. నాన్నకి ముల్లు తీసుకుంటూ, పులుసు జుర్రుకుంటూ అరగంట కూర్చోవడం అలవాటు. పప్పన్నం అయిదు నిమిషాల్లో అయిపోతే చేతికి పనే లేదు. అందుకని చేపల పులుసు మసాలానే మునక్కాడకి పెట్టాను.

నాలుగు కాడలు వేలెడు ముక్కలు, సగం పుల్లమామిడికాయ, నిమ్మకాయంత చింతపండు. మామిడి మరీ పుల్లనైతే చింతపండు తగ్గించుకోండి. మట్టిదాకలో నూనె కాస్త ఎక్కువే పోసి మెంతులు, ఉల్లిపాయలు ఎర్రగా వేగనిచ్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద వెయ్యాలి. నూనె పైకి తేలాకే కారం, పసుపు, ఉప్పు, కాడలు, పులుసు. కాడలు మెత్తబడుతుండగా మామిడి ముక్కలు. ముక్క చితక్కుండా గరిటె పెట్టకుండా దాకనే అటూఇటూ తిప్పండి. రాత్రి వండి మర్నాడు పెడితే ఇంకా బాగుంటుంది. మొదటిసారి పెట్టినప్పుడు నాన్న కంచం పక్కన పీచు కుప్పగా పోశాడు. అప్పుడే తమ్ముడి పందెం పోయిందనుకున్నాను.

మిగతా రోజులకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కంచరపాలెం రైతుబజారులో దొరికేవే: ఆనపకాయ నువ్వుపిండి కూర, పనసపొట్టు, మునగాకు పప్పు. వారానికోసారి ఉలవచారు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి.

ఒంటి సంగతి కూడా చూడాలి. బి12 విటమిన్ ఆకుకూరల్లో ఉండదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. పెద్ద వయసులో ఒంటికి సరిగా పట్టకపోవచ్చు కాబట్టి డాక్టర్ని అడిగి రక్తపరీక్ష చేయించండి. పప్పు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే వాటిలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేస్తూనే టీ తాగితే తగ్గిపోతుంది. మా నాన్న ఈ టీ దగ్గరే ఎక్కువ గొడవ చేశాడు.

మేం మానలేదు. మా చేపలు పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో వండుకుంటాం. ఇప్పటికీ ఆదివారం తమ్ముడితో హార్బర్‌కి వెళ్ళేది నాన్నే. మొప్పలెత్తి చూసి, బేరమాడి, సంచి తమ్ముడి చేతికిచ్చి ఇంటికొచ్చి స్నానం చేస్తాడు.