శుక్లం తీశాక చూపు నేర్పడం - 4వ పాఠం: మంచి కంటికి పట్టీ

పోయిన పాఠంలో కళ్లద్దాలు ఊడకుండా పెట్టడం దగ్గర ఆగాం. ఈసారి పట్టీ. ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోతుంది, ఇది ఏళ్ల తరబడి సాగుతుంది, మా ఇంట్లో గొడవలన్నీ దీని దగ్గరే అయ్యాయి.

మా పాపకి పుట్టుకతోనే ఎడమ కంట్లో శుక్లం. ఆమదాలవలస నుంచి విశాఖ తీసుకెళ్లి మూడో నెలలో తీయించాం. ఇంటికొచ్చి కుడి కంటికి పట్టీ వేయబోతుంటే మా అత్తగారు "ఓలమ్మా, కనబడే కన్ను మూసేస్తావేటే!" అని నా చెయ్యి పట్టేసుకున్నారు. ఆవిడ తప్పేం లేదు, డాక్టరు చెప్పినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

సంగతేంటంటే, కన్ను బాగుంటే సరిపోదు, చూడటం మెదడు నేర్చుకోవాలి. పుట్టిన మొదటి వారాల్లో ఆ నేర్చుకోవడం జోరుగా ఉంటుంది, అందుకే శుక్లం ఒక కంట్లోనే ఉంటే 4 నుంచి 6 వారాల వయసులోనే తీయడం మంచిదంటారు. మేం ఆలస్యం చేశాం. అప్పటికే మెదడు మంచి కంటి మాటే వినడం అలవాటు చేసుకుంటుంది, శుక్లం తీసినా రెండోది సోమరి కన్నుగా ఉండిపోతుంది. మంచి కన్ను కాసేపు మూస్తేనే దానికి పని పడుతుంది. రెండు కళ్లలోనూ శుక్లం ఉన్న పిల్లలకి ఈ పోటీ తక్కువ, సాధారణంగా వాళ్ల చూపే మెరుగ్గా వస్తుంది.

ఎంత వస్తుందని అడుగుతారు కదా. అమెరికాలో ఒక కంట్లో శుక్లం ఉన్న 114 మంది పసిపిల్లలకి ఏడు నెలల లోపు ఆపరేషన్ చేసి, సగం మందికి కంటి లోపలే లెన్స్ పెట్టి, మిగతా సగానికి కాంటాక్ట్ లెన్స్ ఇచ్చి, పదిన్నరేళ్ల వయసు దాకా చూశారు. 2020లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపుల చూపుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నలుగురిలో ఒకరికి 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువన్నమాట) లేదా అంతకన్నా మంచి చూపు, 44 శాతం మందికి 6/60 లేదా అంతకన్నా తక్కువ. ఈ అంకెలు చూసి నేను రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు, అయినా మీరు చూడాలనే రాస్తున్నా, ఎందుకంటే ఆపరేషన్ అయిపోయింది కదా అని పట్టీ మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇక చేతిపని. పట్టీ చర్మానికే అంటించాలి, కళ్లద్దాల మీద కాదు, అద్దాల పైనుంచి తొంగిచూడటం పిల్లలు రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు. సన్నటి కొస ముక్కు వైపు రావాలి. ఆ తర్వాత కళ్లద్దాలు మామూలుగానే పెట్టాలి, అవి లేకపోతే ఆపరేషన్ అయిన కంటికి అంతా మసకే. పసిపిల్లయితే నిద్రలో ఉండగానే వేసేయండి. తీసేటప్పుడు లాగకండి, తడిగుడ్డతో అంచులు నాననిచ్చి మెల్లగా. ఎండాకాలం చెమటకి కింద చర్మం కందిపోతుంది, మేం రోజూ అంటించే చోటు కొంచెం మార్చేవాళ్లం.

ఎన్ని గంటలో డాక్టరే చెప్పాలి. త్వరగా చూపు వస్తుందని ఎక్కువ వేస్తే మంచి కన్ను మందగించవచ్చు. పట్టీ ఉన్నంతసేపూ టీవీ ముందు కూర్చోబెట్టేయకండి, కంటికి వెతుకులాట ఇవ్వాలి. మా పాపకి ఏడాదిన్నరప్పుడు నల్ల పళ్లెంలో నాలుగు మరమరాలు వేసి ఏరి తినమనేదాన్ని. మొదట్లో పళ్లెమంతా అరచేత్తో తడిమేది. కొన్ని వారాలకి వేలు నేరుగా గింజ మీద పడింది, ఆ రోజు మా అత్తగారే వీధిలో అందరికీ చెప్పొచ్చారు.

ఒక హెచ్చరిక: కన్ను నీరు కారుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, నల్లగుడ్డు పెద్దదవుతున్నట్టో మసకబారినట్టో ఉన్నా ఆగకుండా తీసుకెళ్లండి, అది గ్లకోమా కావచ్చు, అంటే కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపుని దెబ్బతీసే జబ్బు. ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. మా పాప ఇప్పుడు ఆరో తరగతి, ఆ కంటికి 6/36, పట్టీ మానేశాం గానీ ఆరు నెలలకోసారి కంటి ప్రెషర్ చూపిస్తూనే ఉన్నాం.

ఈ వారం మీ పని: గోడకున్న క్యాలెండర్ గళ్లలో రోజూ ఎన్ని గంటలు పట్టీ ఉందో రాయండి, వేయని రోజు సున్నా. అబద్ధం వద్దు. మా పాత క్యాలెండర్‌లో ఒక మే నెల సగం సున్నాలే, ఆడపడుచు పెళ్లి, పైగా ఎండలు. సిగ్గుపడుతూనే డాక్టరుకి చూపించాను. ఆయన తిట్టలేదు, వేసవి అయ్యేదాకా పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే వేసేయమన్నారు.