ఆటోనగర్‌లో జీపు వెనక ఆక్సిల్ చేయించే ముందు

వానలు తగ్గాయి, బెజవాడ ఆటోనగర్‌లో ఈ పని పెట్టుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

- స్ప్రింగ్ సీట్లకు (ఆక్సిల్ మీద స్ప్రింగు కట్టలు కూర్చునే ముక్కలు) ముందే ఫుల్ వెల్డింగ్ వద్దు. టాక్ (కదలకుండా చుక్క వెల్డింగ్) మాత్రమే పెట్టించి, బండిని పూర్తి బరువుతో టైర్ల మీద దించి, పీనియన్ యాంగిల్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ ఆక్సిల్‌కి కలిసేచోటి వాలు) కొలిచాకే మిగతాది. నా బండికి జాకీల మీదే కొట్టేశారు, 60 దాటితే ఒకటే వణుకు, చివరికి గ్రైండర్‌తో కోయించి మళ్లీ చేయించాను.

- హౌసింగ్ (ఆక్సిల్ బయటి గొట్టం) మీద కొంచెం కొంచెంగా, అటొకటి ఇటొకటి వెల్డింగ్ చేయించండి. ఒకేచోట వేడెక్కితే ట్యూబు వంగిపోతుంది. నీళ్లు పోసి చల్లార్చనివ్వకండి, అతుకు పగులుతుంది.

- ఆక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ రబ్బరు పైపు) బిగుసుకోకూడదు.

- స్ప్రింగుల్ని ఆక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు వద్దు, సాగి ఉంటాయి.

- ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఆర్సీ వివరాలు మారే మార్పుల్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.